మినిట్స్‌లో రాయనివి

ఫిబ్రవరి రెండో సోమవారం, సాయంత్రం ఏడు.
బడి లైబ్రరీలో పిల్లల కుర్చీల మీద
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది బోర్డు.
బయట నెబ్రాస్కా గాలి, సున్నాకి పద్నాలుగు డిగ్రీలు కింద.
లోపలా ఎవరూ కోట్లు విప్పలేదు.
నేను క్లర్కుని. జరిగింది రాయడం నా పని,
అనిపించింది కాదు.

అంశం ఒకటి: కొత్త భవనానికి బాండు, ఓట్ల ఫలితం.
అవును, మూడు వందల పన్నెండు.
కాదు, మూడు వందల ఇరవై ఒకటి.
తొమ్మిదే తేడా. చర్చిలో ఒక వరస బల్ల.
ఆర్కిటెక్టు బొమ్మలో పచ్చగా నిలబడ్డ చెట్లను
చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేశాడు సూపరింటెండెంట్ ప్రొకాప్.
బాండు పోయింది, బ్యాండు మిగిలింది.

ఎవరూ ఎవరినీ తిట్టలేదు.
ఇవాళ తిట్టుకుంటే రేపు మంచులో దిగబడ్డ ట్రక్కుని
లాగడానికి ఎవరొస్తారు?
కాఫీ దగ్గర మాత్రం రెండు గుంపులయ్యాయి.
పంచదార చెంచా ఒక్కటే కనక
అదే అటూ ఇటూ తిరిగింది.

అంశం రెండు: సిబ్బందికి గుర్తింపు.
వంటగది లొరేన్ టిఫ్ట్, ఇరవై ఏళ్లు: ఒక పెన్ను.
పెన్ను కంటే డబ్బా బాగుందంది. రాయలేదు.
మూడో నంబరు బస్సు డెల్బర్ట్ నైక్విస్ట్, పదిహేనేళ్లు: టోపీ.
బాయిలర్ గది ఆర్డెల్ వావ్రా, ముప్పై నాలుగేళ్లు:
వాల్‌నట్ చెక్క పలక,
ఇత్తడి రేకు మీద పేరు, పేరులో ఒక అక్షరం తక్కువ.
ఆయన దాన్ని తిప్పి వెనకవైపు చూశాడు,
మేకులు సరిగ్గా దిగాయా లేదా అని.

మాట్లాడమన్నారు.
"ఆవిరి గొట్టం రెండో మలుపు దగ్గర వాషరు కావాలి.
నవంబరు నుంచి అడుగుతున్నా."
అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.
అప్పుడే నేల కిందనుంచి ఒక చప్పుడు,
గొంతులో కఫం అడ్డుపడ్డ ముసలి గుర్రంలా.
చప్పట్లు ఆగకముందే మెట్లు దిగిపోయాడు
పలక చంకన పెట్టుకుని.

తాళాలివ్వడానికి నేనూ కిందికెళ్లాను.
ఆ బాయిలర్ నాకంటే పెద్దది.
మా అమ్మ ఒకటో తరగతిలో ఉండగా
రైలు పెట్టెలోంచి ఊరంతా చేయి వేసి దించారట.
బోర్లించిన బకెట్టు మీద కూర్చుని
గేజి ముల్లునే చూస్తున్నాడు,
జ్వరమొచ్చిన బిడ్డ పక్కన మేలుకున్నవాడిలా.

"నేనూ కాదనే వేశాను, మేవిస్."

నేను తాళాల గుత్తిలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

"మా చెల్లెలిది నాలుగు వందల ఎకరాలు.
మొగుడు పోయాడు, అప్పు పోలేదు.
ఎకరానికి ఎంత పన్ను పెరుగుతుందో నాకు నోటికొచ్చు.
ఈ గొట్టాలు ఎన్నాళ్లుంటాయో అదీ నోటికొచ్చు.
రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని
ఒక రాత్రంతా కూర్చున్నా.
దీన్ని నేను మోయగలను. దాన్ని ఆమె మోయలేదు."

కాసేపాగి, మోకాలు రుద్దుకుంటూ,
"వచ్చే ఏడాది నేనుండను," అన్నాడు.

పైన ఒకటో తరగతి గదిలో కప్పు కారే చోట
పెయింటు డబ్బా ఒకటుంది.
పిల్లలు దాని చుట్టూ సుద్దతో గట్టు గీసి
సరస్సని పేరు పెట్టారు.
కాగితం చేపని వదిలితే రెండో రోజుకే నానిపోయింది,
మళ్లీ ఇంకోటి చేశారు.
అవునన్న మూడు వందల పన్నెండులో నేనొకదాన్ని.
ఆయనకి చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

ముల్లు మెల్లగా లేచింది.
పైనెక్కడో ఒక రేడియేటరు, తర్వాత ఇంకొకటి,
చలికి పళ్లు కొట్టుకున్నట్టు టకటకలాడాయి.
ఆయన పలకని తీసి
కారే నట్టు కింద ఏటవాలుగా ఆనించాడు,
చుక్కలు వైర్ల మీద పడకుండా.
సరిగ్గా సరిపోయింది.

ఇంటికొచ్చి మినిట్స్ శుభ్రంగా టైపు చేశాను.
అంశం ఒకటి: వీగిపోయినది.
అంశం రెండు: అందజేయడమైనది.
ఆయన పేరులో పోయిన అక్షరాన్ని చేర్చి
రెండుసార్లు సరిచూసుకున్నాను.
చివర, ఇతర ఖర్చుల కింద:
వాషరు ఒకటి, డాలరు నలభై సెంట్లు.
ఎవరూ ప్రతిపాదించలేదు,
ఎవరూ బలపరచలేదు.